టమాటా నారు దారంలా సాగి పడిపోతోంది, మిరప మొలవనే లేదు – సలహా కావాలి

కొత్తకుండీ | 1వ రోజు, రాత్రి

అందరికీ నమస్కారం. ఇంట్లో నారు పోసుకోవడం నాకు ఇదే మొదటిసారి. పెరట్లో నాటే రోజులు వచ్చేసరికి మొక్కలు చేతికి అందాలని, చలి పూర్తిగా పోకముందే ట్రేలలో విత్తాను. టమాటా, మిరప, లెట్యూస్ (సలాడ్‌లో వేసే ఆకుకూర).

టమాటా అయిదో రోజుకే మొలిచింది. ఇవాళ్టికి విత్తి 18 రోజులు. కాడలు వేలెడు పొడవు సాగి, దారంలా సన్నబడి, అన్నీ కిటికీ వైపు వంగిపోయాయి. పొద్దున చూస్తే ఒక మూల ఏడు మొక్కలు అడ్డంగా పడి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి. కాడ మట్టిని తాకేచోట మాత్రం గిల్లినట్టు నొక్కుకుపోయి, నీరు పట్టి మెత్తబడింది. మిరప ఒక్కటీ మొలవలేదు. లెట్యూస్ కూడా అంతే.

నేను చేసింది చెప్తాను. పెరటి మట్టి సగం, కంపోస్టు సగం కలిపి నింపాను. పైన ప్లాస్టిక్ మూత పెట్టాను, అది ఇప్పటికీ ఉంది. పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లుతున్నాను. టమాటా, లెట్యూస్ ట్రేలు హీటర్ పైనున్న అర మీద, మిరప ట్రే కిటికీ గట్టు మీద ఉన్నాయి. మిగిలినవైనా బతికించుకోవాలని ఉంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

పచ్చపందిరి | 1వ రోజు, రాత్రి

కొత్తకుండీ గారూ, ముందు చేయాల్సింది చెప్తాను, కారణాలు తర్వాత. ఇది చదవగానే లేచి ఆ మూత తీసేయండి. పడిపోయిన ఏడింటినీ చుట్టూ రెండు వేళ్ల మేర మట్టితో సహా చెంచాతో ఎత్తి బయట పారేయండి. చెంచా సబ్బుతో కడగండి. పైమట్టి ఆరి రంగు తేలేదాకా చుక్క నీరు పోయకండి. చిన్న ఫ్యాను ఉంటే కాస్త దూరంగా పెట్టి, ఆకులు కదిలీ కదలనంత గాలి ఆడనివ్వండి.

సాగిపోవడం వేరు, పడిపోవడం వేరు. మీ ట్రేలో రెండూ ఒకేసారి వచ్చాయి. సాగిపోయిన మొక్కను నిలబెట్టొచ్చు. మొదలు నొక్కుకుపోయింది మాత్రం ఇక లేవదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. అది నారుకుళ్లు తెగులు. ఒక మూల మొదలై, తడి ఉన్న మేరా గుండ్రంగా పాకుతుంది. అందుకే ఈ రాత్రే తీయమంటున్నాను.

వేరుమూలం | 2వ రోజు

పచ్చపందిరి గారు చెప్పినదానికి కారణం జోడిస్తాను. నారుకుళ్లుకు ఒక్క జీవి కాదు మూలం. పిథియం, రైజోక్టోనియా, ఫైటాఫ్తొరా, ఫ్యుసేరియం, వీటిలో ఏదైనా కావచ్చు. పిథియం, ఫైటాఫ్తొరాలు చూడ్డానికి బూజులా ఉన్నా నిజమైన శిలీంధ్రాలు కావు, నీటిబూజు జాతివి. వాటి సంతానబీజాలు మట్టిరేణువుల మధ్య నిలిచిన నీటిలో ఈదుకుంటూ వేరు దగ్గరికి వెళ్తాయి. మీరు రోజుకు రెండుసార్లు చల్లిన నీళ్లు వాటికి దారి వేశాయి. మూత గాలిని ఆపింది. పెరటి మట్టి వాటిని లోపలికి తెచ్చి ఉండొచ్చు. పెద్ద మొక్కల వేర్లకు ఆ మట్టి మంచిదే. రెండు అంగుళాల లోతున్న ట్రేలో అదే మట్టి అణిగిపోయి, గాలి చొరబడని ముద్దవుతుంది.

ఇక సాగడం గురించి. చీకట్లో మొలిచిన మొక్క ఉన్న శక్తంతా కాడ పొడుగుకే పెడుతుంది, ఎలాగైనా వెలుగు అందుకోవాలని. మీ గది వెచ్చగా ఉంది, వెలుగు తక్కువగా ఉంది. వెచ్చదనం ఎదగమంటుంది, ఎదగడానికి సరిపడా వెలుగు లేదు. కిటికీ పక్కన బాగానే వెలుతురు ఉన్నట్టు మన కంటికి కనిపిస్తుంది కానీ, కన్ను ఎంత వెలుగుకైనా సర్దుకుపోతుంది. నడినెత్తిన ఎండ దాదాపు 1,00,000 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటే, గది లోపల దీపాల వెలుగు కొన్ని వందల లక్స్ మాత్రమే. కిటికీ నుంచి రెండడుగులు వెనక్కి జరిగితే మొక్కకు అది వేరే లోకం.

ఎండపొడ | 2వ రోజు

వెలుగు సంగతి నేను చెప్తాను, దాని మీదే ఎక్కువ ఏళ్లు తంటాలు పడ్డాను. ఊదారంగు ప్రత్యేక దీపాలేమీ అక్కర్లేదు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు పక్కపక్కన బిగిస్తే ఒక ట్రేకు చాలు. ముఖ్యమైంది ఎత్తు. గది పైకప్పుకున్న ట్యూబు నారుకు పనికిరాదు. ట్యూబు ఆకులకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. ఆకుల ఎత్తులో అరచేయి పెట్టి అర నిమిషం ఉంచండి. వేడి తగిలితే ఇంకాస్త పైకి. రోజుకు 14 నుంచి 16 గంటలు వేసి, రాత్రి తప్పకుండా ఆర్పేయండి. 24 గంటలూ వెలిగిస్తే ఇంకా త్వరగా పెరుగుతాయని ఒక ఏడాది అలాగే ఉంచాను. టమాటా ఆకులు మచ్చలు పడి పసుపెక్కాయి. టమాటాకు చీకటి కావాలి.

దీపం పెట్టలేకపోతే, కిటికీకి ఎదురుగా ట్రే వెనక తెల్ల అట్ట నిలబెట్టండి. ట్రేను రోజూ తిప్పండి. సాగడం పూర్తిగా ఆగదు, కానీ ఒక పక్కకు వాలడం తగ్గుతుంది.

ఘాటుమిరప | 2వ రోజు

మిరప గురించి ఎవరూ మాట్లాడలేదేం! కొత్తకుండీ గారూ, కిటికీ గట్టు మీద రాత్రిపూట ఎన్ని డిగ్రీలు ఉంటుందో కొలిచారా? గది వెచ్చగా ఉన్నా గాజు పక్కన చలి దిగుతుంది. మిరపకు మట్టి 25 నుంచి 30 డిగ్రీలు ఉంటే ఎనిమిది, పది రోజుల్లో తల ఎత్తుతుంది. 15 డిగ్రీల దగ్గర వారాల తరబడి మట్టిలో పడి ఉంటుంది, ఆ తడికి చాలాసార్లు కుళ్లిపోతుంది కూడా. గాలి వేడి కాదు, మట్టి వేడి చూడండి. తడిమట్టి మామూలుగా గది కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగానే ఉంటుంది.

మీ హీటర్ మీది అర మిరపది. అక్కడ మీరు లెట్యూస్‌ను పెట్టారు.

వేరుమూలం | 2వ రోజు

అవును, రెండూ తారుమారయ్యాయి. లెట్యూస్ విత్తనం చల్లదనం కోరుతుంది, 15 నుంచి 20 డిగ్రీలు దానికి హాయి. మట్టి 28, 30 దాటితే చాలా రకాలు మొలకెత్తకుండా నిద్రలోకి పోతాయి. విత్తనం చెడిపోయిందని కాదు. ఇంకొకటి, మీరు దాన్ని మట్టితో కప్పారా? లెట్యూస్‌లో చాలా రకాలకు మొలవడానికి వెలుగు తగలాలి. దీని మీద 1952లో ఒక గొప్ప ప్రయోగం వచ్చింది. తడిపిన లెట్యూస్ విత్తనాల మీద ఎర్ర వెలుగు వేస్తే మొలిచాయి, వెంటనే దూరపు ఎరుపు (ఎరుపు అంచు దాటిన, కంటికి సరిగ్గా కనిపించని) వెలుగు వేస్తే ఆగిపోయాయి. రెండూ మార్చి మార్చి ఎన్నిసార్లు వేసినా, చివర వేసిన వెలుగు మాటే చెల్లింది. మొక్కలో వెలుగును పసిగట్టే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఆ దారిలోనే బయటపడింది. అది చదివిన రోజు నుంచి నేను లెట్యూస్‌ను మట్టి మీద చల్లి, అరచేత్తో అదిమి వదిలేస్తున్నాను.

నీళ్లడబ్బా | 3వ రోజు

నారుకుళ్లుకు దాల్చినచెక్క పొడి చల్లండి. నేను మూడేళ్లుగా చల్లుతున్నాను, ఒక్క మొక్క పోలేదు.

పచ్చపందిరి | 3వ రోజు

నీళ్లడబ్బా తమ్ముడూ, నీ ట్రేలు ఇక్కడ చాలాసార్లు చూశాను. నువ్వు అడుగు నుంచి నీళ్లు పెడతావు, మూత మొలక కనబడగానే తీస్తావు, ఫ్యాను పెడతావు. పొడి తీసేసినా నీ నారు బాగానే ఉంటుందని నా నమ్మకం. దాల్చినచెక్క నూనెకు బూజును అణిచే గుణం ఉంది, కాదనను. కానీ పైన చల్లిన పొడి మట్టి లోపలున్న పిథియం దాకా పోదు. కొత్తగా చేసేవాళ్లు పొడి చల్లాం కదా అని నీళ్లు తగ్గించరు. నా భయం అదే.

నీళ్లడబ్బా | 3వ రోజు

అక్కా, ఆ మాట నిజమే. ఈసారి ఒక ట్రేలో చల్లి, ఒక ట్రేలో చల్లకుండా చూస్తాను.

కొత్తకుండీ | 4వ రోజు

అందరికీ చాలా కృతజ్ఞతలు. మూత ఆ రాత్రే తీశాను. ఇంకో మూడు మొక్కలు పోయాయి, ఆ తర్వాత ఆగింది. 22 మిగిలాయి. థర్మామీటరు మట్టిలో గుచ్చి చూశాను. హీటర్ మీది అర 31 డిగ్రీలు. కిటికీ గట్టు తెల్లవారుజామున 13. మీరు చెప్పినట్టే ఉంది. ట్రేలు అటూ ఇటూ మార్చేశాను, ట్యూబులు బిగించాను.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. సాగిన ఈ టమాటాలను పారేసి మళ్లీ విత్తాలా, ఉంచుకోవాలా? మిరప విత్తనాలు మట్టిలో బతికే ఉన్నాయో లేదో తెలిసే దారి ఉందా?

ఘాటుమిరప | 4వ రోజు

రెండో దానికి నా జవాబు: పాకెట్లో మిగిలిన విత్తనాలు పది తీసి, తడిపి పిండిన కాగితపు రుమాలులో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వదులుగా పెట్టి ఆ హీటర్ అర మీద ఉంచండి. రోజూ తెరిచి చూడండి. పదిలో ఏడెనిమిది మొలిస్తే విత్తనం మంచిదే, చలే అడ్డుపడింది. మూడో నాలుగో మొలిస్తే పాత విత్తనం. మొలిచినవాటిని అలాగే కుండీలో పెట్టేయొచ్చు, తెల్లటి వేరు అరంగుళం దాటకముందే పెట్టండి, రుమాలుకు అతుక్కుంటే విరిగిపోతుంది.

మొదటిదానికి, నేనైతే టమాటా మళ్లీ విత్తుతాను. టమాటాకు నాటే రోజు నుంచి వెనక్కి లెక్కేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు. మిరప, వంగలకే ఎనిమిది నుంచి పది కావాలి. మీకు టమాటాకు టైముంది. నీరసంగా మొదలైన మొక్కను లాక్కురావడం కన్నా కొత్తది దాన్ని దాటిపోతుంది.

పచ్చపందిరి | 5వ రోజు

ఇక్కడ ఘాటుమిరప గారితో నాకు కుదరదు. వంగ, మిరప, క్యాబేజీ ఇలా సాగితే నేనూ పారేయమంటాను. టమాటా వేరు. దాని కాడ మీద ఎక్కడ మట్టి తగిలితే అక్కడ వేరు వస్తుంది. సాగిన కాడను మట్టిలోకి దింపితే ఆ పొడవంతా వేర్లవుతుంది. ఒక గుప్పెడు కొత్త విత్తనాలు కూడా వేసుకోండి, తోడుగా ఉంటాయి. ఉన్నవాటిని మాత్రం పారేయకండి.

ట్రేలోంచి కుండీల్లోకి మార్చి నాటే పద్ధతి వివరంగా రాస్తాను, ఎక్కువ నారు పోయేది ఇక్కడే.

జంట ఆకుల (గింజలోంచి మొదట వచ్చే రెండు ఆకుల) మధ్య నుంచి మొదటి అసలు ఆకు కనబడగానే మార్చవచ్చు. పెరటి మట్టి వద్దు. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) లేదా పీట్ (చిత్తడి నేలల నాచు మట్టి) రెండు వంతులు, జల్లెడ పట్టిన బాగా మాగిన కంపోస్టు ఒక వంతు, కొంచెం పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల రేణువులు). కోకోపీట్ అయితే ముందు రెండుసార్లు కడగండి, దానిలో ఉప్పు ఉంటుంది. ఈ మిశ్రమాన్ని కుండీలో నింపాక తడపడం కాదు, ముందే తడిపి పదును చేసుకోవాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, వేలితో తాకితే ముద్ద విడిపోవాలి.

మొక్కను పైకి లాగకండి. పుల్లతో కింద నుంచి మట్టితో సహా ఎత్తి, ఆకు పట్టుకుని పైకి తీయండి. కాడ పట్టుకోవద్దు. ఆకు ఒకటి చిరిగినా ఇంకొకటి వస్తుంది. కాడ వేళ్ల మధ్య నలిగితే మొక్కకు వేరే కాడ లేదు. కుండీలో లోతుగా గుంట చేసి, జంట ఆకుల కిందిదాకా దింపి, చుట్టూ మట్టి మెల్లగా చేర్చండి. గట్టిగా నొక్కకూడదు.

నీళ్లు అడుగు పళ్లెంలో పోయండి. 20 నిమిషాల తర్వాత పళ్లెంలో మిగిలింది పారబోయండి. ఇక ప్రతిరోజూ కుండీని చేత్తో ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. తడి కుండీ బరువు, ఎండిన కుండీ బరువు రెండు మూడు రోజుల్లో చేతికి తెలిసిపోతాయి. గడియారం చూసి నీళ్లు పోయడం మానేస్తారు.

వేరుమూలం | 5వ రోజు

టమాటా విషయంలో నా ఓటు పచ్చపందిరి గారికే. కొత్తకుండీ గారూ, ఫ్యాను లేకపోతే రోజుకు రెండు మూడుసార్లు అరచేత్తో నారు మీద మెల్లగా నిమరండి, ఒక్కోసారి పదిసార్లు. తాకిడి తగిలిన మొక్క పొడవు తగ్గి, కాడ లావెక్కుతుంది. బయట గాలి చేసే పని అదే. 1973లో మార్క్ జాఫే అనే శాస్త్రవేత్త దీనికి థిగ్మోమార్ఫోజెనిసిస్ అని పేరు పెట్టారు. ఆకులు తడిగా ఉన్నప్పుడు మాత్రం నిమరకండి, ఏదైనా తెగులు ఉంటే మన చెయ్యే మోస్తుంది.

ఎరువు ఇప్పుడే వద్దు. జంట ఆకుల్లో ఉన్న తిండి కొన్నాళ్లు సరిపోతుంది. రెండు మూడు అసలు ఆకులు వచ్చాక, పాకెట్ మీద రాసిన మోతాదులో నాలుగో వంతు కలిపి వారానికోసారి ఇవ్వండి.

కొత్తకుండీ | 16వ రోజు

టమాటాలన్నీ మార్చి నాటాను. రెండు వాడిపోయాయి, 20 నిలబడ్డాయి. మెడ దాకా మట్టిలో కూర్చుని బుడ్డగా, ముద్దుగా ఉన్నాయి. రుమాలులో పెట్టిన పది మిరపల్లో తొమ్మిది మొలిచాయి! ట్రేలో పెట్టిన పాతవి కూడా ఆరు లేచాయి. ఒక మిరప మొక్క గింజ తొక్కను తల మీద టోపీలా పెట్టుకుని విప్పుకోలేకపోతోంది. లెట్యూస్ కిటికీ గట్టు మీద నాలుగు రోజుల్లో గడ్డిలా వచ్చేసింది.

కొత్త సమస్య, మట్టి మీద చిన్న నల్ల ఈగలు తిరుగుతున్నాయి. దోమ కన్నా చిన్నవి.

ఘాటుమిరప | 16వ రోజు

తొక్కను పొడిగా పీకకండి, జంట ఆకులు దానితో పాటే తెగిపోతాయి. నీళ్ల చుక్క ఒకటి దాని మీద పెట్టి, పైన చిన్న మూత కాసేపు బోర్లించి, తొక్క నానాక రెండు గోళ్లతో పక్కకు జరపండి. రాకపోతే సాయంత్రం మళ్లీ. ఈసారి విత్తేటప్పుడు గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు పెట్టి పైన మెల్లగా అదమండి. మట్టి రాపిడికి తొక్క కిందే ఊడిపోతుంది.

నీళ్లడబ్బా | 16వ రోజు

ఆ ఈగలు ఫంగస్ గ్నాట్లు. ఎగిరేవాటితో నష్టం లేదు, పైమట్టిలో ఉండే వాటి పిల్లపురుగులు లేతవేర్లు కొరుకుతాయి. పసుపు జిగురు అట్టలు పెడితే పెద్దవి అంటుకుంటాయి. మట్టి మీద ఒక బంగాళాదుంప ముక్క పెట్టి రెండు రోజుల తర్వాత తిప్పి చూడండి, నల్లతల తెల్ల పురుగులు కనిపిస్తే ఉన్నట్టే. పైమట్టి ఆరనిస్తే సగం తగ్గుతాయి. ఎక్కువగా ఉంటే బీటీఐ అనే బాక్టీరియా మందు నీళ్లలో కలిపి పోయాలి. ఒక్కసారి పోసి ఆపకండి, గుడ్ల నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి, వారానికోసారి మూడు నాలుగు వారాలు పోయండి.

దాల్చినచెక్క పరీక్ష కూడా చెప్పేస్తాను. పొడి చల్లిన ట్రే, చల్లకుండా వదిలిన ట్రే రెండూ ఒకేలా ఉన్నాయి. ఏదీ కుళ్లలేదు. అక్క చెప్పిందే నిజమైంది.

కొత్తకుండీ | 31వ రోజు

టమాటా ఆకుల అడుగుభాగం ఊదారంగుకు తిరిగింది. హీటర్ ఆపేసి వారమైంది. పగలు బాగానే ఉంటోంది, రాత్రి గది 12, 13 దాకా పడుతోంది. పగటిపూట ఎండ బాగుంది కాబట్టి రేపటి నుంచి రోజంతా బయట పెట్టేద్దామనుకుంటున్నాను.

వేరుమూలం | 31వ రోజు

ఊదారంగు చాలావరకు చలి వల్లే. మట్టి చల్లబడితే వేరు భాస్వరం సరిగ్గా తీసుకోలేదు, మట్టిలో అది ఉన్నా సరే. ఆకులో చక్కెర పేరుకుని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం తయారవుతుంది. వెంటనే భాస్వరం ఎరువు వేయకండి. కుండీలను రాత్రిపూట నేల మీద నుంచి ఎత్తి బల్ల మీద పెట్టండి, కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయేమో వారం చూడండి.

ఎండపొడ | 31వ రోజు

రేపటి నుంచి రోజంతా ఎండలోనా! దయచేసి ఆగండి. నేను ఒక వసంతంలో అదే పని చేశాను. తొమ్మిది వారాలు కంటికి రెప్పలా పెంచిన 40 మొక్కలను మధ్యాహ్నం ఎండలో పెట్టి పనికి వెళ్లాను. సాయంత్రానికి ఆకులన్నీ తెల్లకాగితంలా పాలిపోయాయి. అందులో 28 మళ్లీ కోలుకోలేదు. దీపం కింద పెరిగిన ఆకు పై పొర పలచన. ఎండకూ గాలికీ అది మెల్లగా మందమవ్వాలి.

మొదటి రోజు గంట, గంటన్నర, అదీ నీడలో, గాలి కొట్టని చోట. రెండో రోజు రెండు గంటలు. మూడో నాలుగో రోజుకు పొద్దుటి ఎండ కొంచెం. అలా వారం, పది రోజులు పెంచుకుంటూ పోండి. ఈ రోజుల్లో నీళ్లు కొద్దిగా తగ్గించండి, ఎరువు ఆపండి. వాడేదాకా తేకండి, తలలు కొంచెం బరువెక్కినట్టు కనిపిస్తే చాలు. మబ్బు పట్టిన రోజు మొదలుపెడితే ఇంకా మంచిది. గాలి వడిగా ఉన్న రోజు లోపలే ఉంచండి. గాలి ఎండకన్నా త్వరగా ఆరబెడుతుంది.

కొత్తకుండీ | 43వ రోజు

పది రోజులూ మీరు చెప్పినట్టే చేశాను. ఒక్క ఆకూ మాడలేదు. కాడలు పెన్సిల్ మందానికి వచ్చాయి. రాత్రులు 11 దగ్గరే ఉంటున్నాయి. టమాటాలు ఎల్లుండి నాటుదామనుకుంటున్నాను. మిరపకు అప్పుడే రెండు మొగ్గలు వచ్చాయి, సంతోషించాలా తుంచాలా తెలియడం లేదు. దోసగింజలు కూడా ట్రేలో వేసి పెడితే బాగుండేదేమో, ఆలస్యం చేశానా?

ఘాటుమిరప | 43వ రోజు

తుంచేయండి. మనసొప్పదు, తెలుసు. కానీ ఇంత చిన్న మొక్క కాయ మీద పడితే వేరు ఆగిపోతుంది. మిరపను ఇంకో పది రోజులు లోపలే ఉంచండి. రాత్రి 12, 13 డిగ్రీలు దాటాకే బయట నాటండి. చలి తగిలిన మిరప చచ్చిపోదు గానీ వారాల తరబడి అలిగి కూర్చుంటుంది. ముందు నాటినదాన్ని తర్వాత నాటింది దాటిపోవడం నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. టమాటాలా లోతుగా పాతకండి, కుండీలో ఎంత లోతుందో అంతే.

టమాటా విషయంలో నేను పొరపాటు పడ్డాను. ఆ 20 మొక్కల ఫొటో చూశాక ఆ మాట చెప్పకుండా ఉండలేను.

పచ్చపందిరి | 43వ రోజు

దోసకు ఆలస్యం ఏమీ కాలేదు, ఇదే సమయం. దోస, గుమ్మడి, సొర జాతికి వేరు కదిపితే కోపం. ట్రేలో గుంపుగా వేసి పీకి నాటేవి కావవి. ఒక్కో గింజ ఒక్కో కాగితపు కుండీలో పెట్టి, మూడు వారాల్లో కుండీతో సహా నేలలో దింపేయండి. కాగితం అంచు మట్టి పైకి కనబడకుండా కప్పండి, లేకపోతే అది తేమను పైకి లాగి ఆరబెడుతుంది. ముల్లంగి, క్యారెట్ మాత్రం ఎప్పుడైనా నేరుగా నేలలోనే.

టమాటాలు ఎల్లుండి సాయంత్రం నాటండి, పొద్దున వద్దు. రాత్రంతా వేరు సర్దుకుంటుంది. అడుగు ఆకులు తుంచి, కాడ సగం పైగా మట్టిలోకి పోయేలా ఏటవాలుగా పడుకోబెట్టి నాటినా సరే, రెండు రోజుల్లో తలెత్తుకుంటాయి. ఒక్కో మొక్క మొదలు చుట్టూ అట్టముక్కను గొట్టంలా చుట్టి, రెండంగుళాలు మట్టిపైకి, ఒక అంగుళం లోపలికి ఉండేలా గుచ్చండి. రాత్రిపూట కాడ కొరికే పురుగులు (కట్‌వార్మ్‌లు) ఉంటాయి. ఆ కాడ మొదలు దగ్గరే కదా మీ ఏడు మొక్కలు పోయింది, అక్కడ ఈసారి ఏదీ తగలకుండా చూసుకుందాం. నాటాక ఫొటో పెట్టండి.